మచ్చికకు మొదటి మెట్టు దూరం

దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌లో ఓ మూల నక్కి, గోడవైపు మొహం తిప్పుకుని కూర్చున్న కుక్కను చూడగానే చాలామంది రెండు నిర్ణయాలకు వచ్చేస్తారు. దీన్నెవరో బాగా కొట్టి ఉంటారన్నది ఒకటి. ఇంటికి తీసుకెళ్లి ప్రేమగా చూసుకుంటే అదే సర్దుకుంటుందన్నది రెండోది. మొదటిది చాలాసార్లు నిజం కాదు. రెండోది కుక్కకూ చేటే, మనిషికీ చేటే.

కుక్కపిల్ల దాదాపు 3వ వారం నుంచి 12–14 వారాల వయసు దాకా మనుషుల్నీ శబ్దాల్నీ వస్తువుల్నీ పెద్దగా బెదరకుండా అలవాటు చేసుకుంటుంది. ఆ గడువులో ఎదురుపడనిదల్లా తర్వాత అనుమానించాల్సిందే. అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ కొన్ని పిల్లల్ని ఎత్తయిన కంచె వేసిన ఆవరణలో మనుషులకు దూరంగా పెంచి, 1961లో ఫలితాలు ప్రచురించారు. మధ్యలో ఒక్క వారం మనుషుల దగ్గర గడిపిన పిల్లలు చాలావరకు మాలిమి అయ్యాయి. 14 వారాల దాకా మనిషి చెయ్యి సోకనివి మాత్రం అడవి జంతువుల్లాగే మిగిలాయి. వాటినెవరూ కొట్టలేదు. గొడుగుకో, టోపీకో, మగవాళ్ల గొంతుకో హడలిపోయే కుక్క గతంలో ఒక దుర్మార్గుణ్ని వెతికితే మనకు కోపం వస్తుంది తప్ప దాని భయం తగ్గదు.

తనకూ మనిషికీ మధ్య ఎంత ఎడం ఉండాలో తానే తేల్చుకునే వీలు అలాంటి కుక్కకు ముందుగా కావాలి. ఇంట్లో సర్దుబాట్లన్నీ దీన్నిబట్టే. కుక్క పడుకునే చోటు గదిలో ఓ మూలన ఉండాలి, అక్కణ్నుంచి తలుపు కనిపించాలి, మనుషులు నడిచే దారికి మాత్రం అడ్డుగా ఉండకూడదు. క్రేట్ (కుక్క పడుకునే బోను) తలుపు మూసుకుపోకుండా వెనక్కి కట్టేయాలి. దాక్కున్న కుక్కను చెయ్యి పెట్టి ఒక్కసారి బయటికి లాగినా ఆ క్రేట్ మీద నమ్మకం పోతుంది. హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలకు) 2 మీటర్ల తేలికపాటి తాడు, చివర ఎక్కడా తగులుకునే ముడి లేకుండా, మనం చూస్తున్నంతసేపు వేలాడనిస్తే మెడ మీదికి వంగి పట్టీ పట్టుకోవాల్సిన అవసరం రాదు. మొదటి రాత్రి నేల మీద పోస్తే తుడిచేసి ఊరుకోవాలి. 24 గంటలు గడిచినా మూత్రం పోయకపోయినా, రెండు రోజులు ముద్ద ముట్టకపోయినా పశువైద్యుణ్ని సంప్రదించాలి.

తిండితో మచ్చిక చేయబోయి ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. చికెన్ ముక్క చేత్తో పట్టుకుని, రా రా అని పిలుస్తారు. కుక్క ముక్క మీద ఆశతో మెడ సాచుతుంది. వెనక కాళ్లు మాత్రం ఉన్నచోటే నాటుకుని, పారిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. ముక్క నోట్లో పడగానే ఆశ తీరిపోతుంది, మనిషి మొహం ఎదురుగానే ఉందన్నది అప్పుడు దానికి తెలిసొస్తుంది. వెనక్కి దూకుతుంది, లేదా కరుస్తుంది.

విరుగుడు, ముక్కను దాని వెనక్కి విసరడం. పక్కకు తిరిగి నేల మీద కూర్చోవాలి, కళ్లలోకి చూడకూడదు. బఠాణీ గింజంత ముక్క ఒకటి దాని ముందర పడాలి, తర్వాతది దానికి మీటరు వెనక. భయపడే కుక్కకు దూరం జరగడమే పెద్ద బహుమతి, తిండి దాని తర్వాతే. వెనక్కి వెళ్లి తిన్నది తనంతట తానే మళ్లీ కాస్త ముందుకొస్తే ఎడం సరిపోయిందన్నమాట. ముక్క కళ్లెదుట పడ్డా ముట్టకపోతే మనం మరీ దగ్గరున్నాం. 3 నుంచి 5 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. బాగా సాగుతోంది కదా అని పొడిగిస్తే అక్కడే చెడుతుంది. వరుస కూడా ముఖ్యమే: ముందు భయపెట్టేది కనబడాలి, వెంటనే తిండి రావాలి. తిండి సంచీ చప్పుడు చేశాక కొత్త మనిషిని లోపలికి పిలుస్తుంటే, కొన్నాళ్లకు సంచీ చప్పుడే దానికి ప్రమాద సూచన అవుతుంది.

తాకే దశ వచ్చాక తల మీద చెయ్యి వేయొద్దు. ఛాతీ పక్కన 3 సెకన్లు నిమిరి ఆపాలి. అది దగ్గరికి జరిగితే మళ్లీ నిమరొచ్చు. పెదాలు నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, కంటి తెలుపు కనిపించేలా పక్కచూపు చూసినా ఆ పూటకు అంతే. కదలకుండా కూర్చుంది కాబట్టి ఇష్టపడుతోందని మురిసిపోయేవాళ్లే చివరికి కాట్లు తింటారు. గుర్రుమంటే తిట్టకూడదు. తిట్టి ఆ హెచ్చరికను మాన్పిస్తే, ఈసారి హెచ్చరిక లేకుండానే పన్ను పడుతుంది.

పారిపోయే ముప్పు అన్నిటికన్నా మొదటి రోజుల్లోనే ఎక్కువ. ముందుకు లాగిన క్షణాన బెదిరిన కుక్క తల వంచి, మోచేతులు ముడిచి వెనక్కి నడుస్తుంది. రెండు పట్టీల మామూలు హార్నెస్ తల మీదుగా జారి చేతికొస్తుంది. పక్కటెముకల వెనక, నడుము సన్నబడే చోట మూడో పట్టీ ఉన్న హార్నెస్, దానికి తోడు లాగితే కొద్దిగా బిగిసే మార్టింగేల్ కాలర్, ఒక్కోదానికి విడిగా లీష్ (మనం చేత్తో పట్టుకునే తాడు) ఉండాలి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్, ఫోన్ నంబరు బిళ్ల షెల్టర్ గేటు దాటకముందే అమరాలి. ఇంటి గేటు మూశాకే కారు తలుపు తీయాలి. అయినా తప్పించుకుంటే వెంటపడకూడదు, పేరు పెట్టి కేకలేయకూడదు. మనిషి తరిమే కొద్దీ అది ఊరు దాటుతుంది. తప్పిపోయిన చోటనే తిండి, దాని దుప్పటి పెట్టి దూరంగా కనిపెట్టుకుని ఉండాలి.

మూడు రోజుల్లో కుదుటపడుతుంది, మూడు వారాల్లో అలవాటవుతుంది, మూడు నెలల్లో మన కుక్కే అవుతుంది అనే లెక్కను దత్తత తీసుకునేవాళ్లకు తరచూ చెబుతుంటారు. మనుషుల మధ్య పెరిగి ఇల్లు మారిన కుక్కకు అది ఉజ్జాయింపుగా పనికొస్తుంది. మనిషినే ఎరగని కుక్కకు వర్తింపజేస్తే నాలుగో నెలలో నిరాశ, ఐదో నెలలో షెల్టర్‌కు వాపసు. దాని లెక్క నెలల్లో ఉంటుంది, కొన్నిటికి ఏళ్లలో. నెమ్మదస్తురాలైన మరో కుక్క ఇంట్లో ఉంటే ఎంతో తేడా కనిపిస్తుంది: మనిషిని నమ్మని కుక్క సాటి కుక్కను చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నా, వచ్చిపోయేవాళ్ల సందడి ఎక్కువైనా ఇలాంటి కుక్కను తీసుకోకపోవడమే మంచిది.

మందులంటే మొహం చిట్లించడం మరో అడ్డంకి. వారాలు గడిచినా మనుషుల ముందు తినలేని, వణుకు తగ్గని కుక్కకు ఏ శిక్షణా ఎక్కదు. పశువైద్యుడు ఆందోళన తగ్గించే ఫ్లూక్సెటీన్ రాస్తే దాని ప్రభావం కనబడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని ఆపేసేవాళ్లే ఎక్కువ. మత్తు కలిగించే ఏస్‌ప్రోమజిన్ ఒక్కదానితో మాత్రం సరిపెట్టకూడదు. ఒళ్లు మత్తుగా పడి ఉంటుంది, లోపల భయం అలాగే ఉంటుంది.

ఇలాంటి కుక్కల కోసమే అమెరికా జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ 2018లో నార్త్ కరోలినాలోని వీవర్‌విల్‌లో ప్రత్యేక పునరావాస కేంద్రం తెరిచింది. నిపుణులు కూర్చుని చేయాల్సిన పనిని ‘కాస్త సిగ్గరి’ అన్న ఒక్క మాటతో కుటుంబాలకు అంటగట్టడం షెల్టర్లు మానుకోవాలి. కుక్కతో పాటు ఒక కాగితం ఇవ్వాలి. మనిషి ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే తింటోంది, లీష్‌తో ఎన్నిసార్లు నడిచింది, తాకనిస్తుందా, ఎవరినైనా కరిచిందా, ఎలాంటి పరిస్థితిలో కరిచిందన్నవి అందులో ఉండాలి. కుదరకపోతే ఎన్నాళ్ల తర్వాతైనా వెనక్కి తీసుకుంటామన్న మాట కూడా ఆ కాగితం మీదే రాసివ్వాలి.