దుకాణం పేరుకూ గడువు ఉంటుంది

బేగంబజార్‌లో ఏ పాత దుకాణానికి వెళ్లినా గల్లాపెట్టె వెనుక గోడకు జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, మిఠాయిలమ్మే చోటైతే ఆహార లైసెన్సు కూడా ఫ్రేము కట్టించి కనిపిస్తాయి. దుకాణం పేరు మనదేనని రిజిస్టర్ చేయించుకున్న ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్ మాత్రం ఇంట్లో బీరువాలోనో, దరఖాస్తు పెట్టిన ఏజెంటు ఫైలులోనో ఉంటుంది. మనిషి వచ్చి అడిగే కాగితాన్నే మనం వేళకు రెన్యువల్ చేయిస్తాం. దీన్ని అడగడానికి ఎవరూ రారు.

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు టీఎం-ఆర్ ఫారం దాఖలు చేయవచ్చు; ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (పేరు రిజిస్టరైన సరుకు లేదా సేవల వర్గానికి) రుసుము 9,000 రూపాయలు. గడువు దాటిన 6 నెలల్లోపైతే మరో 4,500 కట్టాలి, అదీ దాటితే, గడువు తీరి ఏడాది నిండేలోపు మార్కు పునరుద్ధరణ కోరుకోవాలి. ఇదంతా తెలిసిన సంగతే. చాలామంది తప్పేది లెక్క మొదలయ్యే చోట: ఆ పదేళ్లు సర్టిఫికెట్ అందిన రోజు నుంచి కాక, దరఖాస్తు చేసిన రోజు నుంచి నడుస్తాయి. 2016 మార్చిలో దరఖాస్తు పెట్టి, అభ్యంతరాలన్నీ దాటి 2019లో సర్టిఫికెట్ అందుకున్న వ్యాపారి 2029 దాకా ఢోకా లేదనుకుంటాడు. అతని గడువు 2026 మార్చిలోనే తీరిపోతుంది.

గడువు తీరబోతోందని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ ముందుగా నోటీసు పంపాలి కదా అంటారు. నిజమే, నోటీసు లేకుండా మార్కును తొలగించడం చెల్లదని 2013లో మందుల కంపెనీ సిప్లా కేసులో బొంబాయి హైకోర్టు కూడా చెప్పింది. కానీ నోటీసు వెళ్లేది రికార్డుల్లో ఉన్న చిరునామాకు, అది ఎప్పుడో ఆఫీసు ఎత్తేసిన ఏజెంటుదైతే మనకు అందదు. పైగా 9,000తో తీరే పనికి హైకోర్టు మెట్లెక్కడం గెలిచినా నష్టమే.

నా అసలు ఫిర్యాదు మన కుటుంబాల పంపకాల మీద. తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు, మడిగెలు, బంగారం తులాలతో సహా పంచుకుంటారు. పేరు ఎవరిదో తేల్చకుండా చెరో వీధిలో అదే బోర్డు పెట్టుకుంటారు. రిజిస్టర్‌లో యజమాని ఇంకా తండ్రే. టీఎం-పీ ఫారంతో యాజమాన్యం మార్పించుకునే దారి ఉన్నా, ఎవరి పేరున అన్న ప్రశ్నకు జడిసి రెన్యువల్‌నూ వాయిదా వేస్తారు. రిజిస్ట్రేషన్ పోయాక మూడో మనిషి ఆ పేరు వాడితే ఉల్లంఘన దావాకు వీలుండదు. మిగిలేది పాసింగ్ ఆఫ్ దావా, అంటే మన పేరుతో తన సరుకు చలామణీ చేస్తున్నాడని వేసేది. అందులో పేరుకున్న పలుకుబడిని సాక్ష్యాలతో నిరూపించుకోవాలి, నాన్న కాలపు బిల్లు పుస్తకాలు ఏ తమ్ముడి అటకమీద ఉన్నాయో అప్పుడు వెతుక్కోవాలి.