ఫోర్ వీల్ లివర్ గారికి, దండాలతో

మహారాజశ్రీ సెకండ్ హ్యాండ్ జీపు ఫోర్ వీల్ లివర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నిన్న ములుగు రోడ్డు పక్క షెడ్డులో ఒక మధ్యాహ్నమంతా తమరి సేవకే ఖర్చయింది. నాబ్‌కు కొత్త తోలు తొడుగు, వెనక డోరుకు ఎర్ర ఫోర్ బై ఫోర్ స్టిక్కరు. టూ హెచ్ (వెనక చక్రాలకే బలం) నుంచి ఫోర్ హెచ్‌కు (నాలుగు చక్రాలకూ బలం) టక్కున పడ్డారు. డ్యాష్‌బోర్డులో లైటూ వెలిగింది. "చూసిన్రా అన్నా, మక్కన్ లెక్క పడ్తది" అని బ్రోకర్ మురిసిపోయాడు.

కిందికి వంగి చూస్తే ముందు ఇరుసుకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టే లేదు! బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర షాఫ్టు బిగించే ఫ్లాంజి, ఖాళీ బోల్టు రంధ్రాలు, చుట్టూ నూనె మరకలు.

తమరి మర్యాదకు భంగం రాకుండా మనవి చేసేదేమంటే, ఆ లైటుకూ ముందు టైర్లకూ చుట్టరికం లేదు. ఆ కేసు లోపల గేరును జరిపే ఫోర్కు కదిలి స్విచ్ నొక్కుకుంటే అది వెలుగుతుంది, అంతే. షాఫ్టు ఎందుకు మాయమైందో కూడా తెలియనిది కాదు. షాఫ్టు చివర్ల కీళ్లు, అంటే యూజే క్రాసులు, అరిగితే బండి వణుకుతుంది. క్రాసులు మార్చడానికి బద్ధకించి షాఫ్టే ఊడదీసి, "మైలేజీ కోసం" అంటారు.

స్టిక్కరు సంగతి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. 2023లో వచ్చిన వెనక చక్రాల థార్‌కు కూడా అంటిస్తున్నారు, అక్కడ తమరు పుట్టనే లేదు. తమరితో పాటు ఇంకొన్ని చూడాలి. మనం పోయేసరికే బానెట్ వేడిగా ఉంటే పొద్దున స్టార్టింగ్ కష్టాన్ని దాచారేమో. ఫైనాన్స్ తీరిందంటే, బండి మీది తాకట్టు కొట్టేయించే ఫారం 35 చూపించాలి. ఇరుసు మధ్య గేర్ల గుండు, అదే డిఫరెన్షియల్, దాని నూనె పాల చాయ్ రంగులో ఉంటే, వేడి ఇరుసు వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకొని బ్రీదర్ (గాలి రంధ్రం) గుండా నీళ్లు పీల్చుకుందన్నమాట.

ఇక తమరి పరీక్ష. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఒక్క ముందు చక్రం జాకీ మీద లేపాలి. ఇంజన్ బందు, ఫస్ట్ గేరు. టూ హెచ్‌లో ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. ఫోర్ హెచ్‌కు వేసి, ముందు చక్రాల మధ్య చేత్తో తిప్పి బిగించే మాన్యువల్ హబ్బులైతే రెండు పక్కలా లాక్ చేసి మళ్లీ తిప్పితే, కాస్త ఆడి ఆగిపోవాలి. గిర్రున తిరిగిందా, షాఫ్టు లేదు, లేకుంటే హబ్బు పట్టలేదు, లేకుంటే తమరు లోపల దేన్నీ జరపడం లేదు. వాటంతటవే పట్టే ఆటో హబ్బులైతే మట్టి చెలకలో కొంత దూరం నడిపి చూడాలి. ఎండిన తారు మీద మాత్రం ఫోర్ హెచ్ వేసి మలుపు తిప్పొద్దు. సెంటర్ డిఫరెన్షియల్ లేని బండిలో ముందు వెనక ఇరుసుల వేగం కలవక అంతా బిగుసుకుంటుంది, తమరు వెనక్కి రారు. ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాల నెమ్మది గేరు) ఎత్తెక్కేటప్పుడు తమంతట తామే ఎగిరి బయటపడితే, లోపలి పళ్లు అరిగి ఉండొచ్చు.

ఇంత మర్యాద ఎందుకు గానీ, నీకు సిగ్గున్నదా? ఏటూరునాగారం దిక్కు వానకాలం తొవ్వల, రేగడి బురదల బండి దిగబడుతది. నువ్వు టక్కున పడ్తవ్. లైటు వెలుగుతది. ముందు టైర్లు కదలయ్, వెనక టైర్లు గుంత తవ్వుకుంటయ్. గుంజనీకి ట్రాక్టర్ తెచ్చేది నువ్వా, నీ బ్రోకరా?

"షాఫ్టు ఇంటికాడనే ఉన్నది అన్నా, బండి తీస్కున్నంక తెచ్చిస్త" అట. ముందు తెచ్చి బిగియ్యమను. జాకీ ఎక్కిచ్చి తిప్పి చూపెట్టుమను. అప్పటిదాక నీకు టూ వీల్ రేటే.

ఇట్లు,
జాకీ వెంట తెచ్చుకునే గిరాకి