మెట్ల కింద స్విచ్ ఎవరి బాధ్యత?

2018 మార్చి 28న సిస్కో కంపెనీ తన నెట్‌వర్క్ స్విచ్‌లలో, అంటే ఆఫీసులోని కంప్యూటర్లను తీగలతో కలిపే పెట్టెల్లో, ఉన్న ఒక తీవ్రమైన లోపాన్ని బయటపెట్టింది. దాన్ని సరిచేసే ప్యాచ్ కూడా అప్పుడే ఉచితంగా ఇచ్చింది. 2025 ఆగస్టు 20న అమెరికా ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక జారీ చేసింది. రష్యా గూఢచార సంస్థ ఎఫ్‌ఎస్‌బీ తరఫున పనిచేసే హ్యాకర్లు అదే లోపాన్ని ఇంకా వాడుకుంటున్నారని, వేలాది పరికరాల కాన్ఫిగరేషన్ ఫైళ్లు (సెట్టింగులన్నీ ఉండే ఫైళ్లు) లాగేశారని అందులో ఉంది. ప్యాచ్ చేతికందే దూరంలో ఉన్నా ఏడేళ్లపాటు ఆ స్విచ్‌లను ఎవరూ పట్టించుకోలేదంటే, ఆ పెట్టె ఎవరి బాధ్యతో ఎవరూ తేల్చలేదనే అర్థం.

శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు ఈ వార్తను ఎక్కడో జరిగినదిగా వదిలేయకూడదు. మన ఆఫీసుల్లో, నర్సింగ్ హోముల్లో, కాలేజీల్లో స్విచ్ ఎక్కడుంటుందో ఒకసారి చూడండి. మెట్ల కిందో, రికార్డు రూములో బీరువా మీదో ఉంటుంది. లైట్లు వెలుగుతున్నంత కాలం దాని జోలికి ఎవరూ వెళ్లరు. నెట్ ఆగితే ఎవరో ఒకరు ప్లగ్ పీకి మళ్లీ పెడతారు. నెట్ వచ్చేస్తే ఆ సంగతి అక్కడితో సరి.

సిస్కో బయటపెట్టిన ఆ లోపం పేరు బఫర్ ఓవర్‌ఫ్లో. బయటి నుంచి వచ్చే సమాచారాన్ని దాచుకోవడానికి ప్రోగ్రామ్ మెమొరీలో కొంత చోటు కేటాయిస్తుంది. అదే బఫర్. వచ్చిన సమాచారం ఆ చోటులో పడుతుందా లేదా అని, ఇలాంటి ప్రోగ్రామ్‌లు రాసే సీ భాష తనంతట తాను చూడదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లే చూడాలి. వాళ్లు మర్చిపోతే, గట్టు తెగిన మడి నీళ్లు పక్క మడిలోకి వెళ్లినట్టు, ఎక్కువైన సమాచారం పక్కనున్న మెమొరీలోకి పోతుంది. ఈ పని పూర్తయ్యాక తిరిగి ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా ఆ పక్కనే ఉంటుంది. దాడి చేసేవాడు పొడవు లెక్క చూసుకుని పంపితే ఆ చిరునామా మారిపోతుంది. స్విచ్ తన ప్రోగ్రామ్ వదిలేసి, వాడు పంపిన ఆదేశాలు నడపడం మొదలుపెడుతుంది.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రామ్ ఎంచుకున్న దారుల్లో ఇదొకటి. అయినా స్విచ్‌లలో ఇది ఇంకా వదలకపోవడానికి ఒక కారణం ఉంది. స్విచ్‌ను నడిపే సిస్కో పాత సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో ప్రోగ్రామ్‌లన్నీ ఒకే ముద్దగా, ఒకే మెమొరీని పంచుకుంటూ నడుస్తాయి. ఒకచోట తప్పు జరిగితే మిగతావాటికి అడ్డుగోడ లేదు. పైగా స్విచ్‌లో యాంటీవైరస్ ఉండదు, అనుమానం వచ్చి చూద్దామన్నా దానికి తెర కూడా ఉండదు.

2018 నాటి లోపం స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే ఫీచర్‌లో ఉంది. దాన్ని ఎందుకు తయారుచేశారో గమనించాలి. ఇంజినీరు వెళ్లలేని చోట కూడా కొత్త స్విచ్‌ను డబ్బా విప్పి తగిలిస్తే చాలు, సెట్టింగులన్నీ దూరం నుంచే దానంతటవే రావాలి. టెక్కలిలోనో బొబ్బిలిలోనో స్విచ్ పెట్టడానికి విశాఖపట్నం నుంచి మనిషి రావాల్సిన పరిస్థితుల్లో ఇది నిజంగా పనికొచ్చే సదుపాయమే. కానీ ఇందుకోసం 4786 నంబరు పోర్టు (నెట్‌వర్క్ నుంచి వచ్చే సందేశాలకు స్విచ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఒక తలుపు) ముందునుంచే తెరిచి ఉంటుంది. ఎవరు అడిగినా పాస్‌వర్డ్ లేకుండా జవాబిస్తుంది. స్విచ్ పెట్టే పని అయిపోయాక దాన్ని మూసేయాలి. బిల్లు పాసయ్యాక ఆ మూసే పని కోసం మళ్లీ వచ్చేదెవరు?

ప్యాచ్ వచ్చిన పది రోజుల్లోపే, 2018 ఏప్రిల్ 6 రాత్రి, ఇరాన్‌లో డేటా సెంటర్లు దెబ్బతిన్నాయి. స్విచ్‌ల సెట్టింగులు తుడిచేసి, అమెరికా జెండా బొమ్మతో ‘మా ఎన్నికల జోలికి రావద్దు’ అన్న సందేశం వదిలారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 లక్షల పరికరాలు, తమ దేశంలో 3,500 దెబ్బతిన్నాయని ఇరాన్ ప్రభుత్వం చెప్పింది. బఫర్ లోపం కన్నా, అదే పోర్టులో పాస్‌వర్డ్ అడగకపోవడమే ఆ రోజు ఎక్కువ ఉపయోగపడి ఉంటుందని నిపుణుల అభిప్రాయం. ఏదైనా మూయాల్సిన తలుపు ఒక్కటే. అక్కడ కొన్ని కంపెనీలు ప్యాచ్ వేయకపోవడానికి కారణం వాళ్ల ఇరానీ కొత్త సంవత్సరం సెలవులట. సంక్రాంతి వారంలోనో, సిరిమానోత్సవం నాడో ఇలాంటి హెచ్చరిక వస్తే మన దగ్గర ఎవరు చదువుతారో ఆలోచించండి.

‘మన ఊరి మీద ఎవడు దాడి చేస్తాడు?’ అన్నది నేను తరచూ వినే మాట. ఊరి పేరు చూసి ఎవరూ రారు. ఇంటర్నెట్‌లో కనిపించే చిరునామాలన్నిటినీ ప్రోగ్రామ్‌లు వరసగా తడుముతూ పోతాయి. 4786 తెరిచి ఉన్నది దొరికితే చాలు, అది పలాస ఆసుపత్రిదైనా ప్యారిస్ బ్యాంకుదైనా వాటికి ఒకటే. దొరికిన కాన్ఫిగరేషన్ ఫైలులో పాస్‌వర్డులు ఉంటాయి, వాటిలో కొన్నిటిని క్షణాల్లో విప్పేయొచ్చు. ఆ తర్వాత స్విచ్ గుండా వెళ్లే సమాచారం కాపీని తమ దగ్గరకు మళ్లించుకోవచ్చు. డయాలసిస్ రోగుల వివరాలు, భూమి రికార్డులు, విద్యార్థుల ఆధార్ నంబర్లు ఈ తీగల మీదుగానే పోతాయి. ఆ మనుషులకు మాత్రం తమ వివరాలు పోయాయన్న సంగతే తెలియదు.

ఇంకో చిక్కు కరెంటు. సైబర్ దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లు (పరికరంలో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకున్న చిట్టాలు) 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ప్రత్యేకంగా వేరే సర్వర్‌కు పంపితే తప్ప, మామూలుగా స్విచ్ తన లాగ్‌ను తాత్కాలిక మెమొరీలోనే ఉంచుకుంటుంది. కరెంటు పోయి వస్తే అది ఖాళీ. తిత్లీ లాంటి తుపాను వచ్చిన రోజులు సరే, మామూలు రోజుల్లో ప్లగ్ పీకి పెట్టినా అంతే. ఆరు గంటల గడువు ఎప్పుడు మొదలైందో కూడా చెప్పలేని స్థితి.

నా దృష్టిలో అసలు తప్పు కొనేటప్పుడే జరుగుతోంది. టెండర్‌లో తీగలు తగిలించే పోర్టులెన్ని, వారంటీ ఎన్నేళ్లు, ధర ఎంత అని రాస్తారు. ఆ మోడల్‌కు తయారీదారు ఏ సంవత్సరం వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు, వాటిని వేసే బాధ్యత ఎవరిది అని రాయరు. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) అంటే చెడిపోతే బాగుచేయడమే అనుకుంటాం, ప్యాచ్ వేయడం అందులో చేరదు. పనిచేస్తున్న స్విచ్‌ను ముట్టుకుని పది నిమిషాలు నెట్ ఆపితే మాట పడతానన్న టెన్షన్ కాంట్రాక్టరుకు ఉంటుంది. అతన్ని తప్పుపట్టలేం, అతనికి ఎవరూ ఆ పని రాసి ఇవ్వలేదు. భోగాపురం విమానాశ్రయం చుట్టూ హోటళ్లు, గోదాములు, ఆఫీసులు వస్తాయి. ఇప్పుడు బిగించే స్విచ్‌లు ఇంకో పదేళ్లు అక్కడే ఉంటాయి. ఆ రెండు వాక్యాలు ఇప్పుడే టెండర్‌లో చేర్చాలి.

ఇప్పటికే ఉన్నవాటి సంగతి అంత కష్టమేమీ కాదు. సిస్కో స్విచ్ అయితే ‘షో వీస్టాక్ కాన్ఫిగ్’ (show vstack config) కొట్టి చూడాలి. ఫీచర్ నడుస్తుంటే ‘నో వీస్టాక్’ (no vstack) అన్న ఒక్క ఆదేశంతో ఆగిపోతుంది, ఆ మార్పును సేవ్ చేయాలి. ఆ ఆదేశం తెలియని పాత వెర్షన్ అయితే 4786 పోర్టును బయటివాళ్లకు అందకుండా కట్టేయాలి. సపోర్టు ముగిసిన మోడళ్లను మార్చడం తప్ప దారి లేదు. వేరే కంపెనీల స్విచ్‌లు సురక్షితమనీ అనుకోవద్దు. 2022లో అరుబా, అవాయా స్విచ్‌లలోనూ ఇలాంటి లోపాలు బయటపడ్డాయి.

ఏ ఆఫీసులో ఏ మోడల్ ఉందో, ఏ వెర్షన్ నడుస్తోందో రాసిన జాబితా ముందు కావాలి. ఈ పనికి మనుషుల కొరత లేదు. ఎచ్చెర్లలో, రాజాంలో, విజయనగరంలో నెట్‌వర్కింగ్ చదివే పిల్లలు ఉన్నారు, ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా అధ్యాపకుల పర్యవేక్షణలో చేయగలరు. కానీ అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లోకి వెళితే ఐటీ చట్టం కింద ఆ పిల్లల మీదే కేసు పడుతుంది. కాబట్టి ఏ ఆఫీసులు, ఏ తేదీలు, ఎవరి సమక్షంలో అన్నది రాసిన ఉత్తర్వు రెండు జిల్లాల కలెక్టర్ల నుంచి రావాలి. తయారైన జాబితాను ఏ అధికారికి అప్పగించాలో కూడా ఆ ఉత్తర్వులోనే పేరుతో సహా ఉండాలి.