కొలను గొప్పదే, పెంగ్విన్లకే పనికిరాలేదు

ఆర్కిటెక్చర్ చదివినవాళ్ల దగ్గర లండన్ జూ పేరెత్తితే చాలు, పులులూ సింహాల సంగతి వదిలేసి పెంగ్విన్ కొలను గురించి మొదలుపెడతారు. 1934లో కట్టింది. కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి గోడ, లోపల ఒకదాన్నొకటి చుట్టుకుంటూ దిగే రెండు కాంక్రీట్ బాటలు. వాటి కింద ఎక్కడా స్తంభం ఉండదు, గాలిలో రిబ్బన్ ఆరేసినట్టు ఉంటాయి. డిజైన్ బెర్తోల్డ్ లుబెట్కిన్‌ది, ఆయన టెక్టన్ బృందానిది. లెక్కలు చూసింది ఇంజినీరు ఓవ్ ఆరప్, తర్వాత ఆయన పెట్టిన సంస్థే సిడ్నీ ఒపేరా హౌస్‌ని నిలబెట్టింది. కొలనుకి గ్రేడ్ వన్ హోదా కూడా ఉంది. అంటే ఇంగ్లండ్‌లో ఒక కట్టడానికి దొరికే అన్నిటికంటే పెద్ద రక్షణ.

ఒక్కటే లోటు. 2004 నుంచి అందులో పెంగ్విన్లు లేవు. మరమ్మతుల కోసం కొన్నాళ్లు బాతుల చెరువుకి మారిస్తే, అవి అక్కడే హాయిగా ఉన్నాయి. జూ వాళ్లు ఇక వెనక్కి తేలేదు.

నన్నడిగితే ఈ కొలను మీద తీర్పు ఆ రోజే వచ్చేసింది. అది చక్కటి శిల్పం, చెడ్డ ఇల్లు. ఇల్లుగా కట్టినదాన్ని ఇల్లుగానే చూడాలి కదా.

పెంగ్విన్ అరికాలు సంగతే చూడండి. సముద్రంలో ఎక్కువసేపు గడిపి, ఒడ్డుకొచ్చాక ఇసుకలోనో గులకరాళ్ల మీదో తిరిగే పక్షి అది. దాన్ని రోజంతా గట్టి నేల మీద నిలబెడితే బరువంతా ఒకేచోట పడుతుంది. చర్మం ఒరుసుకుపోతుంది, పగులుతుంది, అందులోంచి బ్యాక్టీరియా చేరుతుంది, పాదం వాచి పుండు పడుతుంది. దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. కోళ్లు పెంచేవాళ్లు ఈ కాలి పుండుని చూసే ఉంటారు. ఈ కొలనులో పెంగ్విన్లకి వచ్చింది అదే. పైగా నీళ్లు లోతు తక్కువ, తనివితీరా మునిగి ఈదడానికి లేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాల పెంగ్విన్లు బొరియలు తవ్వుకుని గుడ్లు పెట్టే రకం. కాంక్రీట్‌లో ఏం తవ్వుతాయి?

సమర్థించేవాళ్ల మాటా చెప్పాలి. 1987లో బాగుచేసినప్పుడు వేసిన కొత్త పైపూత గరుకుగా ఉండి కాళ్లు పాడయ్యాయట, కాబట్టి తప్పు లుబెట్కిన్‌ది కాదట. అదీగాక ఆయన మనసులో ఉన్నవి మంచు పెంగ్విన్లు, తర్వాత జూ పెట్టిన జాతులు వేరు అంటారు. సరే, ఒప్పుకుందాం. మరి అవసరం మారితే ఇంటిని మార్చుకోవాలిగా? నేల తవ్వి ఇసుక పోయాలన్నా, లోతు పెంచాలన్నా గ్రేడ్ వన్ హోదా అడ్డం. గోడకున్న రక్షణ లోపల ఉండే ప్రాణికి లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పోనీ ఇదొక్కటే పొరపాటా అంటే, అదీ కాదు. అదే జూలో 1960ల్లో హ్యూ కాసన్ ఏనుగుల ఇల్లు కట్టాడు. కాంక్రీట్ గోడని సుత్తులతో చెక్కించి అచ్చం ఏనుగు తోలులా గరుకుగా తీర్చాడు. ఎంత ముచ్చటైన ఆలోచనో! తోలుని గోడకి తెచ్చాడు కానీ ఏనుగుకి కావాల్సిన జాగా తేలేకపోయాడు. 2001లో ఏనుగుల్ని విప్స్‌నేడ్ అనే ఇంకో జూకి పంపేశారు. లుబెట్కిన్ గొరిల్లాల కోసం కట్టిన రౌండ్ హౌస్‌లోనూ ఇప్పుడు గొరిల్లాలు లేవు. కట్టడాలన్నీ రక్షిత జాబితాలో భద్రం, ఎవరి కోసం కట్టారో వాళ్లే లేరు.

ఇది జంతువులతో ఆగే జబ్బు కాదు. ఫొటోలో అద్భుతంగా ఉండి మధ్యాహ్నం మూడింటికి నీడ పడని బస్ షెల్టర్లో నిలబడ్డ ప్రతివాళ్లకీ ఇది తెలుసు. డిజైన్ మెచ్చుకునేవాడు ఒకడు, అందులో బతికేవాడు ఇంకొకడు. అవార్డు ఇచ్చేటప్పుడు రెండోవాణ్ణి పిలవరు. పెంగ్విన్ నోరు లేనిది కాబట్టి సరిపోయింది, నోరున్నవాళ్లనైనా అడుగుతున్నారా? లుబెట్కిన్‌కి ఈ సంగతి తెలియదని కాదు. లండన్‌లోనే ఫిన్స్‌బరీలో పేదల కోసం హెల్త్ సెంటర్ కట్టిన మనిషి ఆయన. జూలో మాత్రం ఆయన చూపు గోడ ఇవతల నిలబడ్డ జనం మీదే ఉంది. ఆ బాటలు రంగస్థలం, పెంగ్విన్లు నటులు.

2019లో ఆయన కూతురే ఇక దీన్ని పేల్చేస్తే నయమేమో అంది. నేను అంత దూరం వెళ్లను. ఉంచుకోండి, కానీ పెంగ్విన్ కొలను అన్న పేరు తీసేయండి. ఆ పేరు ఇప్పుడు 2011లో అదే జూలో తెరిచిన పెంగ్విన్ బీచ్‌కి చెల్లుతుంది. ఇసుక, గులకరాళ్లు, గూళ్లు, మునిగేంత నీళ్లు. ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో దానికి చోటు దొరకదు. పిల్లలు మాత్రం అక్కడ పుడుతున్నాయి.