వెనక స్పీకర్లు మోగలేదని రిసీవర్‌ను తిట్టొద్దు సామీ

తిరుపతిలో కొర్లగుంట నుంచి బైరాగిపట్టెడ దాకా, కొత్తగా 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు, వాటిని నడిపే రిసీవరు) పెట్టినోళ్ల ఫిర్యాదు ఒకటే: "పాత సినిమా ఏస్తే వెనక స్పీకర్లు మోగడంలేదు." మోగే పని పెద్దగా లేదు కాబట్టే మోగవు. ఆ సినిమాల డాల్బీ స్టీరియో అనే పాత సౌండు పద్ధతిలో ఉండేది రెండే ట్రాకులు. రెంటిలో ఒకేలా ఉన్న శబ్దం నడిమి స్పీకరుకు, ఎదురు ఫేజులో (ఒకదాంట్లో అల లేస్తే ఇంకోదాంట్లో దిగేలా) ఉన్నది వెనక్కి పోతుంది. ఆ వెనక ఛానలు కూడా మోనో, అంటే ఒకటే, 7 కిలోహెర్ట్జ్ పైనున్న సన్నటి శబ్దాలు కోసేసింది. వాన, గాలి, గుంపు గోల తప్ప దాంట్లో పెద్దగా ఏముంటుంది? అది చాలదని, ముందరి శబ్దమే అన్ని స్పీకర్లలో మోగించే ఆల్ ఛానల్ స్టీరియో నొక్కి, హీరో డైలాగు వీపు వెనక నుంచి వినేవాళ్లకు ఏం చెప్పేది!

2.0 (రెండే ఛానళ్ల) ట్రాకు ఉంటే అదే పెట్టండి. టీవీలో వర్చువల్ సరౌండు (లేని స్పీకర్లు ఉన్నట్టు భ్రమ పుట్టించేది) ఆపేయండి. ఫేజు చెదిరిందంటే ఏది ఎటు పంపాలో, రిసీవర్లో ఆ ట్రాకులను విడదీసే డీకోడరుకు తెలీదు. తక్కువ బిట్‌రేటుకు నలిపిన ఫైళ్లకూ ఇదే గతి. రిసీవర్లో ఆ విడదీసే పని చేసే ప్రో లాజిక్, లేదా ప్రో లాజిక్ 2 మూవీ పెట్టండి. కొత్త సెట్లలో 'డాల్బీ సరౌండ్' ఉంటుంది, దాంట్లో నడిమి శబ్దాన్ని పక్కలకు పరిచే సెంటర్ స్ప్రెడ్ ఆఫ్.

డైలాగు నడిచేటప్పుడు వెనక స్పీకరుకు చెవి ఆనించి చూడండి. గొంతు గట్టిగా వస్తోందంటే ఎడమ కుడి లెవెళ్లు సమానంగా లేవు. పాత ప్లేయరైతే తెలుపు, ఎరుపు పిన్నుల్లో ఏదో వదులై ఉంటుంది, ముందు అది చూడండి.

మన హాళ్లు 10కి 12 అడుగులు, సోఫా గోడకే. వెనక స్పీకరు తలకు 2 అడుగులు, ముందరిది 8. ధ్వని అడుగు దాటేదానికి సుమారు 0.9 మిల్లీసెకను. అంటే వెనక ఛానల్లోకి కారిన గొంతు వెనక నుంచే ముందొచ్చి పడుతుంది, చెవి ముందొచ్చిన దిక్కునే నమ్ముతుంది. ప్రో లాజిక్ వెనక ఛానలును 15 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేసేది ఇందుకే. దూరాలు అంచనాగా కాదు, టేపు పెట్టి కొలిచి రిసీవర్లో ఎక్కించండి.

సబ్‌వూఫరు సంగతి. ఈ ట్రాకుల్లో బాస్‌కు వేరుగా ఉండే '.1' ఛానలే లేదు. రిసీవర్ సెట్టింగుల్లో ముందరి స్పీకర్లు 'లార్జ్'లో ఉంటే వాటి బాస్ వాటికే పోతుంది, సబ్ దాదాపు మూగదే. 'స్మాల్' పెట్టి, క్రాసోవర్ (దీని కిందిది సబ్‌కు పోయే హద్దు) 80 హెర్ట్జ్ చేయండి.

మోనో సినిమాకైతే నడిమి స్పీకరొక్కటే మోగాలి. ఆ మోనో సౌండుకే కొత్తగా డోలు కలిపి '5.1' అని అమ్మేవాటి గురించి తర్వాత తిట్టుకుందాం.

గొంతులు గీసినట్టుంటే ట్రెబుల్ 2, 3 డెసిబెల్స్ దించండి. థియేటర్లలో 2 కిలోహెర్ట్జ్ పైన శబ్దం క్రమంగా తగ్గేలా సర్దుతారు, ఆ లెక్కకు మిక్స్ చేసింది ఇంట్లో పదునుగా వినపడుతుంది. అప్పటికీ గీస్తుంటే గ్రానైట్ నేల మీద జమఖానా పరవండి.