కెనోపీ బరువు లెక్కలోకి రాదట!

నెల రోజుల్లో ఒకే సందేశం నాకు తొమ్మిది చోట్ల నుంచి వచ్చింది. "డ్యూయల్ క్యాబ్ యూట్‌కు కెనోపీ కొంటున్నారా? అమ్మేవాళ్లు చెప్పని తొమ్మిది నిజాలు" అని దాని పేరు. యూట్ అంటే వెనక సామాను తొట్టి ఉండే బండి, రెండు వరసల సీట్లుంటే డ్యూయల్ క్యాబ్. ఆ తొట్టిని టబ్బు అంటారు, దాని మీద బిగించే మూతపెట్టె కెనోపీ. మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరుగుతోంది. మొదట్లో చదివి ఊరుకున్నాను. మొన్న ఆదివారం టార్నీట్‌లో ఉండే ఒక తమ్ముడు అదే పంపి, "అన్నా, ఐదో పాయింటు చదివాక ధైర్యం వచ్చింది. కెనోపీ, పైన టెంటు, లోపల సొరుగులు అన్నీ ఒకేసారి చెప్పేస్తున్నాను" అన్నాడు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. డిసెంబరు సెలవుల్లో వెనక కారవాన్ తగిలించుకుని దక్షిణ ఆస్ట్రేలియా వెళ్లాలని వాళ్ల ఆలోచన. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పనికిరాని పాయింట్లు ముందు తేల్చేస్తాను. కెనోపీ బండి రంగులోనే ఉండాలి, లేకపోతే అమ్మేటప్పుడు ధర రాదు అన్నది మొదటిది. మీకు నచ్చిన రంగు కొనుక్కోండి. కెనోపీ పెడితే డీజిలు ఆదా అవుతుంది అన్నది రెండోది. మంచి కెనోపీకి మూడు వేల డాలర్ల పైనే అవుతుంది. డీజిలే ముఖ్యమైతే ఆ డబ్బుతో డీజిలే కొనుక్కోవచ్చు, సుమారు ఏడాది పాటు తిరగవచ్చు. పాత కెనోపీ ఏదైనా ఏ బండికైనా కూర్చుంటుంది అన్నది మూడోది. కూర్చోదు. 2022లో ఫోర్డ్ రేంజర్ యూట్ ఆకారమే మారింది, అంతకు ముందు రేంజర్‌ది తెచ్చి దాని మీద పెట్టి చూడండి. మోడలూ సంవత్సరమూ రెండూ కలవకుండా పాతది కొనకండి.

ఫైబర్‌గ్లాస్ చెత్త, ఉక్కుదో అల్యూమినియందో మాత్రమే కొనాలి అన్న నాలుగో పాయింటులో కాస్త ఆలోచించాల్సింది ఉంది. రేకుల కప్పులా అలలు కట్టిన కంకర రోడ్డు మీద రోజంతా నడిపితే ఫైబర్‌గ్లాస్ మూలల్లో చీలవచ్చు, నిజమే. అల్యూమినియం కూడా అతుకుల దగ్గర చీలుతుంది. ఫైబర్‌గ్లాస్‌కు మరమ్మతు చేసి రంగు వేసేవాళ్లు దొరుకుతారు. రోజూ నిచ్చెనలు, పనిముట్లు మోసే ఎలక్ట్రీషియన్‌కు టబ్బు పూర్తిగా తీసేసి, దాని చోట చదునైన ట్రే మీద కూర్చోబెట్టే అల్యూమినియం పెట్టె బాగుంటుంది. పిల్లలతో ఏడాదికి నాలుగుసార్లు క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లకు టబ్బు అంచుల మీద బిగించే మామూలు కెనోపీ చాలు. ఎవరి పనేమిటో అడగకుండా అందరికీ ఒకే మందు రాసిచ్చేవాడిని వైద్యుడని ఎవరైనా అంటారా?

ఇక ఏడో పాయింటు: "కెనోపీ పెడితే లోపలికి దుమ్ము చుక్క కూడా రాదు." రాసినవారు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊడ్నడాటా ట్రాక్ మీద ఒక్క పూట నడిపి ఉంటే ఈ మాట రాసేవారు కాదు. మరీ నుంచి మార్లా దాకా ఆరు వందల కిలోమీటర్ల పైన మట్టి రోడ్డు అది. సాయంత్రం ఆగి వెనక తలుపు ఎత్తగానే నాకు కనిపించింది పిండిలాంటి ఎర్రమట్టి. ఫ్రిజ్ మూత మీద వేలితో పేరు రాయవచ్చు. బియ్యం సంచి కుట్ల వెంట ఎర్రటి గీతలు. ఆవకాయ సీసా మూత తిప్పి తీస్తే మరల్లో ఉన్నది నూనెతో తడిసిన కారమా, మట్టా తెలియలేదు. మా ఆవిడ సీసా మొత్తం పారబోసింది.

బండి వేగంగా పోతుంటే దాని వెనక గాలి పీడనం తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్ము ఆ ఖాళీలోకి సుడి తిరిగి వచ్చి టెయిల్‌గేట్ (టబ్బు వెనక తలుపు) సందుల్లోంచి, టబ్బు అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లోంచి లోపలికి లాగబడుతుంది. కెనోపీ అద్దాలకు ఎంత మంచి రబ్బరు ఉన్నా, దుమ్ము వచ్చే దారి వాటి కింద ఉంది. అందుకే రెండు పనులు చేయాలి. టెయిల్‌గేట్ చుట్టూ రబ్బరు పట్టీలు వేయించాలి. కెనోపీ పైభాగాన వడపోత ఉన్న గాలి ద్వారం పెట్టించాలి. ఎత్తున ఉండే శుభ్రమైన గాలి ముందు నుంచి లోపలికి తోసుకొస్తే లోపలి పీడనం బయటికన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది, దుమ్మును లోపలికి లాగే శక్తి పోతుంది. నేను మొదట రబ్బరు మాత్రమే వేయించాను, సగం దుమ్మే తగ్గింది. గాలి ద్వారం పెట్టాకే బియ్యం సంచి తెల్లగా ఉంది. కెనోపీ కొనేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి.

ఎనిమిదోది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. గ్యాస్ సిలిండర్ బయట తగిలిస్తే దొంగలు పట్టుకుపోతారు కాబట్టి కెనోపీ లోపల పెట్టి తాళం వేసుకోండి అట! వంటగ్యాస్ గాలికన్నా బరువని, లీకైతే నేలబారున పరుచుకుంటుందని మన ఊళ్లో గ్యాస్ పొయ్యి వెలిగించిన ప్రతి ఇంట్లో తెలుసు. కిటికీ తెరిచి, స్విచ్చు వేయకుండా బయటికి రావాలని మన అమ్మలు చిన్నప్పుడే నేర్పారు. దుమ్ము రాకూడదని అన్ని సందులూ మూసేసిన పెట్టెలో, రాత్రంతా తనంతట తాను ఆగుతూ తిరుగుతూ ఉండే ఫ్రిజ్ పక్కన, బ్యాటరీ పక్కన సిలిండర్ పెడతారా? తాళం దొంగ కోసం వేశారు, లోపల ఉన్నదానికి ఏం చేస్తారు? సిలిండరు నిలువుగా, గాలి ఆడేలా బయట బ్రాకెట్‌లోనే ఉండాలి. పోతే కొత్తది కొనుక్కోవచ్చు.

ఆరో పాయింటు కెనోపీ కప్పు గురించి. "వంద కిలోలు మోస్తుందని రాసి ఉంటే డెబ్భై కిలోల టెంటు నిశ్చింతగా పెట్టుకోండి" అంటారు. టెంటు డెబ్భై, దాని కింది ర్యాక్ పాతిక. అప్పుడే తొంభై ఐదు. ఆ వంద కూడా సాధారణంగా మంచి రోడ్డు మీద నడిచేటప్పటి పరిమితి. గతుకుల్లో తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు పైన నలుగురు పడుకునే బరువుకు వేరే అంకె ఉంటుంది, దాన్ని ప్రయాణపు అంకెతో కలపకూడదు. ఇంకొక మాట ఈ సందేశంలో లేదు కానీ చాలామంది చేస్తున్నారు: క్యాబిన్ కప్పుకూ కెనోపీ కప్పుకూ కలిపి ఒకే పొడవాటి ర్యాక్ బిగించడం. గతుకుల్లో క్యాబిన్ ఒకవైపు, టబ్బు ఒకవైపు మెలికపడతాయి. రెండింటినీ కలిపి కట్టేస్తే ఏదో ఒకటి చీలుతుంది.

ఇప్పుడు అసలైన ఐదో పాయింటుకు వస్తాను. మాట మార్చకుండా రాస్తున్నాను: "యూట్ అంటేనే టన్ను బండి. కెనోపీ బండిలో భాగం కాబట్టి దాని బరువు లెక్కలోకి రాదు. వెనక భాగం దిగినట్టు కనిపిస్తే ఎయిర్‌బ్యాగులు వేయించండి, సమస్య తీరిపోతుంది." మూడు వాక్యాలూ తప్పు, మూడూ ప్రమాదమే. (ఇక్కడ ఎయిర్‌బ్యాగులంటే గుద్దుకుంటే ఉబ్బేవి కాదు, వెనక స్ప్రింగులకు తోడుగా వేసే గాలి తిత్తులు.)

నా బండి లెక్కే చెబుతాను. నిండు ట్యాంకుతో, మనుషులూ సామానూ లేకుండా తూచే కెర్బ్ బరువు 2,100 కిలోలు. జీవీఎం, అంటే అన్నీ ఎక్కించాక బండికి ఉండదగిన గరిష్ఠ బరువు, 3,050. మిగిలింది 950. టన్ను అప్పుడే పోయింది. కొన్ని పత్రాల్లో కెర్బ్ బదులు టేర్ అని ఉంటుంది. అది పది లీటర్ల డీజిలుతో తూచిన బరువు, ఎనభై లీటర్ల ట్యాంకు నింపితే మరో అరవై కిలోలు అందులోంచే పోతాయి. ఇప్పుడు నేను ఎక్కించినవి: మేము నలుగురం 250. ముందు కాపుగా బిగించే బుల్‌బార్ 60. కెనోపీ 70. ర్యాక్ 25. టెంటు 70. సొరుగులు 80. సామానుతో ఫ్రిజ్ 45. రెండో బ్యాటరీ 30. నీళ్లు 60. రెండున్నర టన్నుల కారవాన్ కొక్కెం మీద మోపే బరువు 250. కూడండి, 940. ఇంకా ఒక్క చొక్కా పెట్టలేదు, ఒక్క గిన్నె పెట్టలేదు.

ఇది కాగితం మీది లెక్క కాదు. అమ్మిన దుకాణంలో మనిషి "ఈ బండి ఏదైనా మోస్తుందండీ" అని భుజం తట్టి పంపాక, బయలుదేరే ముందు రోజు ఏదో అనుమానం వచ్చి వేబ్రిడ్జికి తీసుకెళ్లాను. మన ఊళ్లో లారీ కాటా లాంటిదే, గేటు దగ్గర చిన్న గది, పైన ఎర్ర అంకెల తెర. కారవాన్ విప్పి, బట్టలూ గిన్నెలతో సహా మేము నలుగురం కూర్చుని ఎక్కితే 2,940. ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత కారవాన్ తగిలించి, యూట్ చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉండేలా నిలిపాను. అంకెలు కదిలి 3,190 దగ్గర ఆగాయి. చట్టం ఒప్పుకునే దానికన్నా 140 కిలోలు ఎక్కువ. కాటా మనిషి ఏమీ అనకుండా చీటీ చింపి చేతిలో పెట్టాడు. వెనక సీట్లో మా చిన్నది "నాన్నా, ఎంత వచ్చింది?" అని అడుగుతోంది.

ఆ 250 కిలోలు కొక్కెం మీద పడితే వెనక ఇరుసు మీద 250గా ఉండవు. ఎద్దుబండి తోలినవారికి ఇది చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. నా బండిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 3.1 మీటర్లు, వెనక ఇరుసు నుంచి కొక్కేనికి 1.2 మీటర్లు. లెక్క వేస్తే వెనక ఇరుసు మీద పడేది దాదాపు 350 కిలోలు, ముందు చక్రాల మీద నుంచి లేచేది దాదాపు 100. స్టీరింగు తేలిక కావడం, బ్రేకు వేస్తే ముందు చక్రాలకు పట్టు చాలకపోవడం ఇందుకే. డ్యూయల్ క్యాబ్ టబ్బులో దాదాపు సగం వెనక ఇరుసుకు అవతలే ఉంటుంది. కెనోపీలో ఫ్రిజ్, నీళ్లు, పెట్టెలు తలుపు దగ్గర అందుబాటులో ఉండాలని మనం పెట్టేది ఆ అవతలి సగంలోనే.

ఎయిర్‌బ్యాగులు బండి వెనక భాగాన్ని ఎత్తుతాయి. జీవీఎంను ఒక్క కిలో కూడా పెంచవు. కమాను పట్టీలు రెండు చివర్లా పంచుకునే బరువును అవి ఛాసిస్ మీద ఒక్క చోటికి చేరుస్తాయి. వెనక కొక్కెం కిందికి లాగుతుంటుంది, మధ్యలో గాలి తిత్తి పైకి తోస్తుంటుంది. క్యాబిన్ వెనక ఛాసిస్ వంగిన యూట్‌లు ఈ దేశంలో కొత్త కాదు. బండి చదునుగా కనిపించగానే బరువు పోయిందనుకోవడం, జ్వరం వచ్చినవాడికి పౌడర్ రాసి బాగున్నాడనడం లాంటిది. అధిక బరువుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు. పిల్లలు వెనక సీట్లో ఉన్న బండి గురించి మాట్లాడుతున్నాం, ఇది సందేశం రాసినవారికి తట్టలేదా? జీవీఎం చట్టబద్ధంగా పెంచుకునే మార్గం ఒకటి ఉంది. ఆమోదం ఉన్న సస్పెన్షన్ కిట్ వేయించి, ధ్రువీకరణ పొంది, కొత్త అంకె బండి పత్రాల్లోకి ఎక్కించుకోవాలి. దానికి డబ్బవుతుంది. అది చేసినా, కారవాన్‌తో కలిపి లాగే మొత్తం పరిమితి కూడా పెరిగిందో లేదో వేరుగా చూసుకోవాలి.

ఇంత తిట్టాక తొమ్మిదో పాయింటు దగ్గర ఆగక తప్పదు. "సొరుగుల మీద డబ్బు పోయకండి, మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు చాలు" అని ఉంది. ఇది నూటికి నూరుపాళ్లు సరైనది. రెండేళ్లు నేను దీనికి విరుద్ధంగా చెబుతూ వచ్చాను. సొరుగులు లేని కెనోపీ గోదాములా ఉంటుందని వాదించి ముగ్గురు స్నేహితుల చేత కొనిపించాను. వేబ్రిడ్జి నుంచి ఇంటికి వచ్చి ఆ రాత్రే నేను మొదట విప్పింది సొరుగులను. ఎనభై కిలోలు దిగాయి, నాలుగు పెట్టెలు వచ్చాయి. టెంటు కూడా దించి, నేల మీద వేసే గుడారం తీసుకెళ్లాం. ర్యాక్ ఉంచేశాను, అయినా పరిమితికి కాస్త లోపే వచ్చాం. సొరుగుల మాట నమ్మి కొన్న ముగ్గురికీ ఇక్కడే చెబుతున్నాను: నా సలహా తప్పు. మీవి కూడా ఒకసారి విప్పి తూచండి.

టార్నీట్ తమ్ముడు ఇంకా బయానా ఇవ్వలేదట. శనివారం పొద్దున ఏడింటికి వాళ్ల బండినీ కారవాన్‌నూ తీసుకుని రమ్మన్నాను, భార్యాపిల్లలతో సహా. ఖాళీ టబ్బుతో తూస్తాం. చీటీ మీద ఎంత మిగిలిందో చూసి, అందులో పట్టే కెనోపీ ఏదో అక్కడే నిలబడి వెతుకుతాం.