ఆ కాళ్ల మెసేజ్‌లో చివరి వాక్యం

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పెద్దవాళ్ల గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. ముసలితనం పాదాల్లో మొదలై పైకి పాకుతుందట. ఒంట్లోని ఎముకల్లో సగం, కండరాల్లో సగం, రక్తంలో సగం కాళ్లలోనే ఉంటాయట. తొడ ఎముక చిన్న కారు బరువు మోయగలదట. రెండు వారాలు కాలు కదపకపోతే పదేళ్ల బలం పోతుందట. మా గ్రూపుకి చేరేసరికి చివర ఇంకో వాక్యం కలిసింది: "నొప్పి వచ్చినా ఆపకండి, నడుస్తూనే ఉండండి."

నేను ఫిజియోథెరపిస్టుని. అనంతపురం, కర్నూలు, నెల్లూరు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్ల మోకాళ్లు, తుంట్లు చూడటమే నా పని. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ఎముకల లెక్క వేలు మడిచి చెప్పొచ్చు. ఎదిగిన మనిషి ఒంట్లో ఎముకలు 206. ఒక్కో కాలికి తుంటి ఎముక, తొడ ఎముక, మోకాటి చిప్ప, మోకాలి కింద రెండు, పాదంలో 26, మొత్తం 31. రెండు కాళ్లకీ కలిపి 62, అంటే మూడో వంతు కూడా కాదు. భుజం ఎముకలతో కలిపి లెక్కపెడితే చేతుల్లోనే 64 ఉన్నాయి.

కండరాల మాట మాత్రం బరువు లెక్కన చూస్తే నిజానికి దగ్గరే. పిర్రలు, తొడలు, పిక్కలు అంత పెద్దవి మరి. రక్తం మాట తప్పు. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు రెండు మూత్రపిండాలకే పోతుంది. ఒంట్లోని కండరాలన్నిటికీ కలిపి అందేదీ దాదాపు అంతే.

ముసలితనం పాదాల నుంచే మొదలవడం కూడా లేదు. నలభైల్లో దగ్గరి అక్షరాలు కనపడవు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై, ఆ వయసులో వస్తుంది కాబట్టే మనవాళ్లు దాన్ని చత్వారం అన్నారు.

రెండు వారాల సంగతి నవ్వి వదిలేసేది కాదు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు మగవాళ్ల కాలు ఒకటి రెండు వారాలు కదలకుండా కట్టి చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. కుర్రవాళ్ల కాలి బలం మూడో వంతు దాకా, పెద్దవాళ్లది నాలుగో వంతు దాకా తగ్గింది. తర్వాత ఆరు వారాలు సైకిల్ తొక్కించినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాలేదు. "పదేళ్లు" అనే అంకె ఎక్కడిదో గానీ, ఇందులో ఆ మెసేజ్ చెప్పని మాట ఒకటుంది: బలం కావాలంటే నడక ఒక్కటే చాలదు. మీ మోకాటి చిప్పకి పైన, లోపలివైపు చేయి పెట్టి కాలు నిటారుగా చాపండి. అక్కడ గట్టిపడేది తొడ ముందరి కండరంలో ఒక భాగం. మోకాలి నొప్పితో కాలు వాడటం తగ్గించినవాళ్లకి అక్కడ గుంట పడటం చూస్తుంటాను. వాళ్లు కుర్చీలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఆనించి ఒళ్లంతా ముందుకు తోస్తారు. అలాంటివాళ్లచేత నేను చేయించేది ఇదే: గోడకి ఆనించిన కుర్చీ, చేతులు ఛాతీ మీద, మెల్లగా లేచి మెల్లగా కూర్చోవడం.

ఇక కారు బరువు. నిలువుగా మోయడంలో తొడ ఎముక గట్టిదే, ఒంట్లో అన్నిటికన్నా పొడవైనదీ అదే. కానీ అది తిన్నగా ఉండే స్తంభం కాదు. పైన సన్నటి మెడ ఒకటి పక్కకి వంగి వెళ్తుంది, దాని చివరి గుండు తుంటి గిన్నెలో కూర్చుంటుంది. బాత్‌రూములో జారి పక్కకి పడితే దెబ్బ ఆ మెడ మీద పడుతుంది. గుండుకి రక్తం తెచ్చే నాళాలు ఎక్కువగా ఆ మెడని అంటిపెట్టుకునే పోతాయి. మెడ విరిగితే అవీ తెగొచ్చు, అప్పుడు గుండు చచ్చుబడుతుంది. చాలామంది పెద్దవాళ్లకి తుంటి మార్చాల్సి రావడం అందుకే. ఎముక గుల్లబారినవాళ్లకి కారు మాట చెప్పి ధైర్యం ఇవ్వడం నాకు భయంగా ఉంటుంది. వాళ్లకి కావలసింది బాత్‌రూములో పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న లైటు.

చివరి వాక్యం దగ్గరే నాకు కోపం. మా బ్లాకులో ఒక పెద్దమ్మగారు విజయవాడ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చారు. రెండో రోజుకి ఎడమ పిక్క వాచింది, తాకితే వేడిగా ఉంది. నువ్వుల నూనె రాయించుకుని, మెసేజ్‌లో ఉందని మూడు రోజులు ట్రాక్ మీద తిరిగారు. "నడిస్తే తగ్గుతుందనుకున్నానమ్మా" అన్నారు. స్కాన్‌లో పిక్క లోపలి సిరలో రక్తం గడ్డ కనిపించింది. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి ఆ సిరల్లోని రక్తాన్ని గుండె వైపు తోస్తుంది. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే అక్కడే నిలిచి గడ్డకట్టొచ్చు. అలాంటి గడ్డ ఊడి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడకి సమయానికి మందులు పడ్డాయి.

ఒక్క కాలే వాచినా, పిక్క వేడిగా నొప్పిగా ఉన్నా నూనె పెట్టి రుద్దకండి. ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ తోడైతే సాయంత్రం దాకా కూడా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.